ఎడమ మూలన కాటు

ఆ రికార్డు అట్టకు నాలుగు మూలలు. వాటిలో రెండింటి గురించి సంఘానికి ఏ చీకూ చింతా లేదు. కుడివైపు పై మూలను కంపెనీవాళ్ళే కత్తిరించారు. ఇది అమ్మకానికి కాదు, రేడియో స్టేషన్లకు ఉచితంగా పంపే ప్రచార ప్రతి అని చూడగానే తెలియడానికి. ఆ కత్తిరింపు గురించి సంఘం ఇప్పటికే ముప్ఫై నాలుగు పేజీల వ్యాసం ప్రచురించి, కత్తిరించినవాడిది ఎడమచేతి వాటమని తేల్చి, చేతులు దులుపుకుంది. ఇక మిగిలింది ఎడమవైపు కింది మూల. అక్కడ పంటి గాట్లున్నాయి. ముందువైపు నాలుగు, వెనకవైపు మూడు. ఆ ఏడు గాట్ల మీద పదకొండుమంది పెద్దమనుషుల పరువు నిలబడి ఉంది.

అట్టలో ఉన్నది ఒక గ్రంజ్ బృందం రెండో ఆల్బము. గ్రంజ్ అంటే గిటార్లను బురదలో ఈడ్చినట్టు, గొంతును గరుకు కాగితంతో రుద్దినట్టు వినిపించే సంగీతం. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ బృందం పేరు మోగని వీధి లేదు. నాలుగు ఆల్బములు చేసి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి, నలుగురూ నాలుగు దిక్కులకు వెళ్ళిపోయారు. వాళ్ళ పాటలు విని పిల్లలు కుర్చీలు విరగ్గొట్టారు. తరవాత పెద్దవాళ్ళై, కుర్చీలు కొనుక్కుని, వాటిలో కూర్చుని ఆ బృందం రికార్డులు సేకరించడం మొదలుపెట్టారు. అలా పుట్టిందే ప్రచార ప్రతుల సంఘం.

సంఘానికి నియమాలు ఎక్కువ. ప్రతిని చేతితొడుగు లేకుండా ముట్టుకోకూడదు. ప్రతి ఎదుట నిట్టూర్చకూడదు. నిట్టూర్పులో తేమ ఉంటుంది. ప్రతిని వినకూడదు. ఈ చివరి నియమాన్ని ఎవరూ ఎక్కడా రాసుకోలేదు, రాసుకోవలసిన అవసరం రాలేదు. సూది ఒక్కసారి గాడిలో దిగిందంటే ‘తాకనిది’ అన్న హోదా పోయి ‘దాదాపు తాకనిది’ అవుతుంది. ఆ ‘దాదాపు’ పడినవాడు సమావేశంలో వెనక వరసకు వెళ్ళి కూర్చుంటాడు. పదకొండుమంది ఇళ్ళలోనూ కలిపి నాలుగువేల పైచిలుకు రికార్డులున్నాయి. వాటిని మోగించే యంత్రం ఒక్క ఇంట్లోనూ లేదు.

పంటి గాట్ల ప్రతి సొంతదారు కట్టుడు పళ్ళు చేసే పనివాడు. సంఘంలో అందరూ అతన్ని దంతంగారు అంటారు. ఇంట్లో భార్య ‘ఏమండీ’ అంటుంది, కోపం వస్తే అదీ అనదు. మనిషి నోట్లో నాలుక లేనివాడు. సమావేశాల్లో అందరి మాటలకూ తల ఊపి, టీ కప్పులు సర్ది, చివరి బస్సులో ఇంటికి వచ్చేవాడు. అటువంటివాడికి ఆరేళ్ళ కిందట, మూతపడిన ఒక రేడియో స్టేషను సరుకును తూకానికి కొన్న పాత కాగితాల కొట్లో, ఈ ప్రతి దొరికింది. అప్పటినుంచి అతని దశ తిరిగింది.

ఎందుకంటే ఆ బృందం గాయకుడు ఒకప్పుడు ఎవరికో ఇచ్చిన ముఖాముఖీలో, తన రెండో ఆల్బము గురించి అడిగితే, ‘దాన్ని నమిలి ఉమ్మెయ్యాలనిపించింది’ అన్నాడు. లోకంలో అందరూ దాన్ని మాటవరసకు అన్న మాట అనుకున్నారు. సంఘం అనుకోలేదు. నమిలాడు, అయితే ఏ ప్రతిని నమిలాడు అన్నదే వాళ్ళ ప్రశ్న. ఇరవై ఏళ్ళుగా నలుగుతున్న ఆ ప్రశ్నకు దంతం చేతిలో జవాబు దొరికింది. గాయకుడు అరుస్తున్న ఫొటో ఒకటి తెచ్చారు. ముందుపళ్ళ మధ్య సందు ఉంది. అట్ట మీద చూశారు. గాట్ల మధ్య సందు ఉంది. ఇంకేం కావాలి? వృత్తిరీత్యా పళ్ళ మనిషి కాబట్టి ధ్రువపత్రం దంతమే రాయాలన్నారు. అతను కొలిచాడు, మైనం మీద అచ్చు తీశాడు, ‘ఈ కాటు గాయకుడిది కాదనడానికి కారణం కనిపించడం లేదు’ అని రాసి సంతకం పెట్టాడు. ఫొటోలో సగం పళ్ళకు మైకు అడ్డం ఉందన్న సంగతి రాయలేదు. ఎవరూ అడగలేదు.

సంఘం అయిదేళ్ళకోసారి పట్టిక అచ్చు వేస్తుంది. అందులో మొదటి పేజీ ఒక్క ప్రతికే, ఒక్క సేకర్తకే. ఈసారి ఆ పేజీ దంతానిదని నిర్ణయించారు. నలభై తొమ్మిదేళ్ళ వయసులో, ఎక్కడా మొదటి వరసలో కూర్చోని మనిషికి, మొదటి పేజీ దొరికింది. ఆ రోజు ఇంటికి నడిచి వచ్చాడు; బస్సులో పట్టనంత ఆనందం అతనిది.

పట్టిక ప్రెస్సుకు వెళ్ళడానికి పదిహేను రోజుల ముందు, పళ్ళ డాక్టరు దగ్గరనుంచి దంతం పనిగదికి ఒక పెట్టె వచ్చింది.

పనిగది ఇంటి కింది భాగంలోనే. గోడకు మూడు చెక్క అరలు, వాటినిండా ప్లాస్టరు దవడలు. బల్లమీద స్పిరిటు దీపం, గులాబీరంగు మైనం పలకలు, చిన్న చిన్న కత్తులు. ఆ గదిలో దేన్ని ముట్టుకున్నా వేళ్ళకు తెల్లటి పొడి అంటుతుంది. అందుకే రికార్డులను పై అంతస్తులో, తలుపుకు రబ్బరు పట్టీ కొట్టించిన బీరువాలో ఉంచాడు. భార్య చీరలకు ఆ భాగ్యం లేదు.

పెట్టెలో ఒక నోటి తాలూకు ప్లాస్టరు అచ్చు, పైదీ కిందదీ, దానితోపాటు చీటీ. పై వరస పళ్ళన్నీ తీసేశారు; తీయడానికి ముందు తీసిన అచ్చు ఇది. చీటీ కింద డాక్టరు గీత గీసి మరీ రాశాడు: పాత వరస ఎలా ఉందో అలాగే కావాలి, సందుతో సహా, ఇది పేషెంటు పట్టుదల.

దంతం నవ్వుకున్నాడు. పాతికేళ్ళ వృత్తిలో వచ్చిన ప్రతివాళ్ళూ ముత్యాల వరస అడిగినవాళ్ళే; వంకర అడిగినవాళ్ళు లేరు. అచ్చును వెలుగులోకి తిప్పాడు. ముందుపళ్ళ మధ్య సందు. దాని పక్కన ఎడమవైపు పన్ను, ఓరగా వేసిన తలుపులా, కాస్త లోపలికి తిరిగి ఉంది. వేలితో తడిమాడు. తడిమిన వేలు అక్కడే ఆగిపోయింది. కళ్ళకంటే ముందు వేలికి తెలిసింది.

సందును కొలిచాడు. రెండుంపావు మిల్లీమీటర్లు. ధ్రువపత్రంలో తను రాసిన కొలతే.

మెట్లెక్కి పైకి వెళ్ళి, చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, బీరువా తెరిచి, అట్టను తెచ్చుకున్నాడు. పనిగదిలోకి ఆ అట్ట రావడం అదే మొదటిసారి. ప్లాస్టరు పళ్ళను గాట్ల మీద ఆనించాడు. పై నాలుగు పళ్ళూ నాలుగు గాట్లలో, కింది మూడూ మూడింటిలో, తాళంచెవి తాళంలో దిగినట్టు దిగాయి. ఆ తరవాతే చీటీ మీద పేరు చదివాడు. అతని భార్యకు స్వయానా పిన్ని.

మర్నాడు మధ్యాహ్నం పిన్నత్తగారిని భోజనానికి పిలిపించాడు. ఆవిడ అరవై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, నిటారుగా, నడుముకు చెయ్యి ఆనించి నిలబడే అలవాటు. పై పళ్ళు లేక పెదవి లోపలికి పోయి, కొత్తగా ముసలితనం వచ్చినట్టుంది. మెత్తగా ఉడికించినవి ఏవో చెంచాతో తింటోంది. తినడం సగమయ్యేదాకా ఆగి, దంతం అడగవలసింది అడిగాడు.

“అత్తయ్యా, మీరు ఏ ఆఫీసులో పనిచేసేవారు?”

అతని భార్య గరిటె కింద పెట్టింది. “పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఇవాళ గుర్తొచ్చిందా అడగాలని?”

ఆ మాటలో నిజముంది. రికార్డులు అచ్చుపోసిన ఫ్యాక్టరీలో ఏ పూట ఏ ఆపరేటరు డ్యూటీలో ఉన్నాడో దంతం కళ్ళు మూసుకుని చెప్పగలడు. భార్య పిన్ని ఎక్కడ ఉద్యోగం చేసిందో అతనికి తెలియదు. ‘ఆఫీసు’ అన్నారు ఇంట్లో అందరూ. ఏ ఆఫీసు అని అతను ఎన్నడూ అడగలేదు.

“రేడియో స్టేషన్లో,” అంది పిన్నత్తగారు. “రికార్డులు పెట్టేదాన్ని. ముప్ఫై ఒక్క ఏళ్ళు.”

ఆ తరవాత ఆవిడను ఏమీ అడగనక్కరలేకపోయింది. తెల్లవారుజాము డ్యూటీ అనీ, గదిలో రెండు యంత్రాలుండేవనీ, ఒకదాని మీద పాట అయిపోతుండగానే రెండోదాన్ని సిద్ధం చెయ్యాలనీ, మధ్యలో ఒక్క క్షణం నిశ్శబ్దం వచ్చినా పైనుంచి చీవాట్లు పడేవనీ చెప్పుకొచ్చింది. దంతం అట్ట ఫొటో చూపించాడు. ఆవిడ కళ్ళద్దాలు నుదుటిమీదకు నెట్టి చూసింది. ఆల్బమును గుర్తుపట్టింది. మూడో పాట బాగుంటుందని, దాన్ని తెల్లవారుజామున వేస్తే రాత్రి కాపలావాళ్ళు ఒళ్ళు విరుచుకుని ఇళ్ళకు వెళ్ళేవాళ్ళని చెప్పింది. అప్పుడు అతను మూల మీద వేలు పెట్టాడు.

“ఓ, అదా. ఒక చేతిలో రికార్డు, ఒక చేతిలో సూది. అట్ట ఎక్కడ పెట్టుకోను అల్లుడుగారూ, నెత్తిమీదా? పళ్ళతో పట్టుకునేదాన్ని. చెప్పు ఎత్తుకొచ్చిన కుక్కపిల్లలా ఉన్నావని మా ఇంజనీరు రోజూ ఏడిపించేవాడు.”

ఆ పూట దంతం తిన్నదేమిటో అతనికి తెలియదు.

రెండు రోజులు పంటి బిగువున నోరు మూసుకున్నాడు. ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. మొదటి పేజీ వస్తుంది. గాయకుడి కాటు గాయకుడిదే అవుతుంది. ఆ గాయకుడు ఎక్కడో ఒక మూల తన పళ్ళతో తను సుఖంగా ఉంటాడు. అయితే దంతానికి ఒక పిచ్చి పట్టుదల ఉంది. పాతికేళ్ళలో ఒకరి పళ్ళను ఇంకొకరి నోటికి ఎన్నడూ అంటగట్టలేదు. ఆ ధ్రువపత్రంలో తను చేసింది అదే కదా అన్న ఆలోచన దవడపంటిలో ఇరుక్కున్న పీచులా వదలలేదు. సమావేశం నాటికి అచ్చునూ డాక్టరు చీటీనీ చేతిరుమాలులో చుట్టుకుని, అట్ట కూడా తీసుకుని బయలుదేరాడు.

సంఘాధ్యక్షుడు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. జేబులో పెన్ను ఉండవలసిన చోట, సందులూ మందాలూ కొలిచే స్టీలు కాలిపరు ఉంటుంది. దేశం మీద తక్కువ తూకపు రాళ్ళు ఎన్ని పట్టుకున్నాడో లెక్కలేదు. ఇప్పుడు అదే కంటితో రికార్డుల అంచులు చూస్తాడు. దంతం సంగతంతా చెప్పి, ప్లాస్టరు పళ్ళను అట్టమీద ఆనించి చూపించేసరికి, ఆయన కాలిపరుతో రెండుసార్లు కొలిచి, మూడోసారి కొలవకుండా కూర్చున్నాడు.

ఇరవై ఏళ్ళ పరిశోధన ఒక ముసలావిడ నోట్లోకి వెళ్ళిపోయింది. దంతం తన మొదటి పేజీ ఆ దారినే వెళ్ళిపోతుండటం చూశాడు.

వెళ్ళలేదు. సేకర్తల దుఃఖం ఎక్కువసేపు నిలవదు. సభ్యుల్లో లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఒకడు, తన దగ్గర మూడో ఆల్బము ప్రచార ప్రతికీ ఎడమ మూలన ఏదో నొక్కు ఉందనీ, ఇన్నాళ్ళూ రవాణాలో తగిలిన దెబ్బ అనుకున్నాననీ గొణిగాడు. మరొకరు తన దగ్గరా ఉందన్నారు. అధ్యక్షుడు కాసేపు తటపటాయించి, తన ప్రతిని పన్నెండేళ్ళ కిందట తానే ‘ఎలుక కొరికినది’ అని నమోదు చేసిన సంగతి ఒప్పుకుని, ఆ నమోదును పునఃపరిశీలించవలసి ఉందన్నాడు. గంట తిరిగేసరికి గాయకుణ్ణి అందరూ మరిచిపోయారు. బృందంలో ఎవడో కొరికితే ఏముంది, ఎవడైనా కొరుకుతాడు. కానీ ఆ పాటను గాలిలోకి వదిలిన మనిషి, వదులుతున్న క్షణంలో, ఆ పంటి కింద! అలా ‘రేడియో కాటు’ అన్న కొత్త తరగతి పుట్టింది. లోకంలో తెలిసినవి నాలుగే ప్రతులు. మొదటి పేజీ దంతానిదే. కింద రాసే వాక్యం మాత్రం మారుతుంది.

దంతం ఊపిరి పీల్చుకుంటుండగా అధ్యక్షుడు చీటీ అందుకున్నాడు. డాక్టరు గీత గీసిన వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

“ఆవిడకి మళ్ళీ ఇవే పళ్ళు కడుతున్నారా?”

“అవునండీ. అలాగే కావాలన్నారు.”

“అంటే ఆ కాటు మళ్ళీ బయలుదేరుతుందన్నమాట.”

నాలుగు ప్రతులు నాలుగే ఎందుకయ్యాయి? ఆ పళ్ళు ఇక లేవు కాబట్టి. అవే పళ్ళు మళ్ళీ ఒక నోట్లోకి వస్తే నాలుగు ఐదవుతాయి, ఐదు ఏభై అవుతాయి. ఆవిడ పాపం ఎందుకు కొరుకుతుందండీ అని లిఫ్టు మెకానిక్ అడిగాడు. కొరుకుతుందని తాను అనలేదనీ, కొరకగలదు అంటున్నాననీ అధ్యక్షుడు జవాబిచ్చాడు. ఓటింగు పెట్టారు. తొమ్మిదిమంది అవునన్నారు, మెకానిక్ తటస్థంగా ఉండిపోయాడు, దంతం సొంత విషయం కాబట్టి ఓటు లేదు. తీర్మానం ఇది: పేషెంటుకు సందు లేని, సమానమైన, అందమైన పళ్ళు అమర్చాలి, ఆ అమరికను అధ్యక్షుడు స్వయంగా కొలిచి చూడాలి, ప్లాస్టరు అచ్చును సంఘం లాకరులో భద్రపరచాలి, ఇవి జరిగితేనే మొదటి పేజీ.

దంతం ఆలోచించి చెబుతానన్నాడు. అతను ఆ మాట అన్నాడంటే ఒప్పుకున్నట్టేనని అందరికీ తెలుసు.

కట్టుడు పళ్ళను ముందు మైనంలో పేర్చి, నోట్లో పెట్టి చూసి, ఆ తరవాతే గట్టిపరుస్తారు. మైనంలో ఉన్నంతసేపు పన్ను మాట వింటుంది. దంతం అచ్చును ఎదురుగా పెట్టుకుని మొదట సందుతోనే పేర్చాడు. చెయ్యి ఆ పనే ఎరుగును. తరవాత కత్తిని దీపం మీద వేడిచేసి, ఆ మొన మైనానికి తగిలించి, ముందుపళ్ళను ఒకదాని పక్కకు ఒకటి జరిపాడు. రెండుంపావు మిల్లీమీటర్లు. ఊపిరి బిగబట్టి వదిలినంత సేపు పట్టింది. ఓరగా తిరిగిన పన్నును నిలువుగా నిలబెట్టాడు. చూడటానికి బాగుంది. ఎవరైనా ఇదే కోరుకుంటారు కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆవిడ మాత్రం ఎందుకు కోరుకోదు, అడగడం తెలియక అలా అడిగి ఉంటుంది అనుకున్నాడు. ఇలాంటి మాటలు మనిషి ఒకటి చెప్పుకుంటే ఆగడు. అతను నాలుగు చెప్పుకున్నాడు.

పరీక్షకు పిన్నత్తగారు మర్నాడు పదకొండింటికి పనిగదికే వచ్చింది. వెంట దంతం భార్య. అధ్యక్షుడు వాళ్ళకంటే ముందే వచ్చి, ఒకే ఒక కుర్చీలో కూర్చుని ఉన్నవాడు లేచి ఆవిడకు ఇచ్చాడు. ఆయన చంకలో తన ప్రతి, మూడు పొరల సంచిలో. తొడుగులు వేసుకునే ఉన్నాడు.

దంతం మైనపు వరసను ఆవిడ నోట్లో అమర్చి, చేతికి అద్దం ఇచ్చాడు. ఆవిడ చూసుకుంది. ఒకసారి నవ్వి చూసింది, ఒకసారి నవ్వకుండా చూసింది. తల పక్కకు తిప్పి చూసింది.

“బాగున్నాయి,” అంది. “ఎవరివి?”

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగింది, ఎవరిదో సామాను పొరపాటున తనకు వచ్చిందేమో, వెనక్కి ఇచ్చెయ్యాలేమో అన్నట్టు. దంతం భార్య మాత్రం అతనివైపు చూసింది. ఏమండీ అనలేదు.

అధ్యక్షుడు గొంతు సవరించుకుని, తనను తాను పరిచయం చేసుకుని, చాలా మర్యాదగా విషయం వివరించాడు. ఆవిడ కాటుకు చరిత్రలో ఒక స్థానం ఏర్పడిందనీ, దాన్ని కాపాడాలంటే ఆవిడ నోట్లోంచి దాన్ని తొలగించక తప్పదనీ, సంఘం తీర్మానం ఏకగ్రీవానికి చాలా దగ్గరగా ఉందనీ చెప్పాడు. పనిలో పనిగా సంచి విప్పి, తన ప్రతిని ఆవిడ ముందు పెట్టి, ఇదీ తమరిదేనని ఒక్క మాట అంటే రాసుకుంటానన్నాడు.

ఆవిడ వంగి చూసింది. “ఇది నేను కాదు బాబూ. ఎలుక.”

“ఒక్కసారి జాగ్రత్తగా చూడండి.”

“మా గదిలో ఉండేవి ఎలుకలు. వాటి కాటు నాకు తెలియదా?”

దంతం భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అధ్యక్షుడు అట్టను సంచిలో పెట్టుకున్నాడు. మూడు పొరలకూ మూడు నిమిషాలు పట్టింది. పెట్టుకున్నాక, ఆవిడ పాత పళ్ళు మళ్ళీ రాకపోవడమే ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమని ఆయన ముఖం మీద స్పష్టంగా రాసి ఉంది. ఆనించి చూడటానికి పళ్ళంటూ లేకపోతే, ఎలుకేనని రుజువు చేసేవాళ్ళెవరు?

“ఇంతకీ మీరు మూడో పాట విన్నారా?” అని అడిగింది పిన్నత్తగారు.

“ప్రచార ప్రతులు మేం వినమమ్మా.”

“మరి ఏం చేస్తారు?”

“కాపాడతాం.”

“ఎవరి నుంచి?”

అధ్యక్షుడు నిజాయితీగల మనిషి. ఆలోచించాడు. “వినేవాళ్ళ నుంచి,” అన్నాడు.

ఆవిడ వాదించలేదు. మళ్ళీ అద్దం అందుకుని, కొత్త పళ్ళవైపు, ఇంట్లో దిగిన అపరిచిత చుట్టాన్ని చూసినట్టు చూసి, సర్దుకుపోవడానికి సిద్ధపడినదానిలా పెదవులు మూసుకుంది. పెదవులు మూసుకున్న ఆ తీరు దంతం చూశాడు. అది తన తీరే. సమావేశాల్లో టీ కప్పులు సర్దుతూ ఇన్నేళ్ళూ తను పెదవులు మూసుకున్నది అచ్చం అలాగే.

“అత్తయ్యా, ఒకసారి తీసి ఇలా ఇవ్వండి,” అన్నాడు.

తీసుకుని, బల్ల దగ్గరకు వెళ్ళి, దీపం వెలిగించాడు. కత్తి వేడెక్కుతుండగా అధ్యక్షుడు పక్కకు వచ్చి, తీర్మానం అన్నాడు. దంతం విన్నాననే అన్నాడు. మొదటి పేజీ శనివారం ప్రెస్సుకు వెళుతుందని అధ్యక్షుడు గుర్తుచేశాడు. దంతం కత్తిని రెండు క్షణాలు గాలిలోనే పట్టుకున్నాడు. ఆ రెండు క్షణాల్లో ఆ పేజీ అతనికి ఎంత స్పష్టంగా కనిపించిందంటే, కాగితం వాసన కూడా తెలిసింది.

“పేజీ ఎవరికైనా ఇచ్చుకోండి,” అన్నాడు. “ఈ నోరు ఆవిడది.”

మొన మైనానికి తగిలించాడు. మైనం చెమర్చింది. కుడి పన్నును కుడికి, ఎడమ పన్నును ఎడమకు జరిపి, ఓర పన్నును మళ్ళీ ఓరగా తిప్పాడు. చల్లారనిచ్చి, ప్లాస్టరు అచ్చు పక్కన పెట్టి చూసుకున్నాడు. భుజం మీదుగా అధ్యక్షుడు కూడా చూస్తున్నాడు. ముక్కుతో గట్టిగా ఊపిరి తీస్తున్నాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నారు అందరూ. ఆయన వెళ్ళలేదు. తొడుగు విప్పి, జేబులోంచి కాలిపరు తీసి, వద్దు వద్దనుకుంటూనే ముందుకు వంగాడు. ముప్ఫై అయిదేళ్ళు తూకాలు చూసిన చెయ్యి అది.

“రెండుంపావు అన్నారు. ఇది రెండే ఉంది.”

దంతం కత్తిని మళ్ళీ వేడిచేశాడు. వెంట్రుకవాసి జరిపాడు. అధ్యక్షుడు మళ్ళీ కొలిచాడు.

“సరి,” అన్నాడు. ఆ మాట అన్నందుకు తనమీద తనకే కోపం వచ్చి, వెంట తెచ్చిన సంఘం మినిట్స్ పుస్తకం తెరిచి, పెన్ను లేదని గుర్తొచ్చి, దంతం దగ్గరే పెన్ను అడిగి తీసుకుని, బల్లకు అటు చివర నిలబడి రాయడం మొదలుపెట్టాడు. తీర్మానాన్ని ఉల్లంఘించినందున సదరు సభ్యుడి ప్రతిని పట్టికలో మొదటి పేజీనుంచి మాత్రమే కాక అన్ని పేజీలనుంచీ తొలగించడమైనదనీ, సదరు సభ్యుడికి పళ్ళు అందుబాటులో ఉన్నందున అతని సేకరణ మొత్తం అనుమానాస్పదమనీ, పైకి చదువుతూ మరీ రాస్తున్నాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

దంతం విన్నాడు. మైనపు వరసను మంచినీళ్ళలో ముంచి, ఆవిడ నోట్లో అమర్చి, పెదవిని వేలితో సర్దాడు. ఆవిడ పాత ముఖం తిరిగి వచ్చింది. భార్య “పిన్నీ,” అని మాత్రం అంది.

పళ్ళు కుదిరాయో లేదో తెలియాలంటే మాట్లాడించాలి. ఏదైనా అనండి అత్తయ్యా, రోజూ అనే మాట, అన్నాడు దంతం. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. నడుముకు చెయ్యి ఆనించి లేచి నిలబడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రతి తెల్లవారుజామూ ఇంజనీర్లను, ప్యూన్లను, పెద్ద ఆఫీసర్లను అదిలించిన గొంతు, సన్నటి ఈలగాలితో కలిసి, ఆ సందులోంచి బయటికి వచ్చింది.

“తలుపు వెయ్యండి. సద్దు చెయ్యకండి. సూది దించుతున్నా.”

దంతం భార్య లేచి నిజంగానే తలుపు వేసింది. బల్లకు అటు చివర, ‘అనుమానాస్పదమని’ అన్న మాట సగంలో, అధ్యక్షుడు చదవడం ఆపేసి, పెన్ను కాగితం మీదనుంచి ఎత్తి పట్టుకుని, అలాగే నిలబడిపోయాడు.